నా నేల రాతినేలేనా అయ్యగారూ?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా ఆయన 3 ఎకరాలు కౌలుకి చేస్తారు. నేను మా సంఘంలో తొమ్మిదేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. రెండేళ్ల కిందట మా దగ్గర మూడు రోజులు సభలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు విత్తువాని ఉపమానం మీద మాట్లాడి, చివర్లో అందరికీ విత్తన కవర్లు పంచారు. ‘ఇందులో పెట్టేది కానుక కాదు, విత్తనం. విశ్వాసంతో విత్తితే ఏడాది తిరక్కుండా నూరంతలు’ అన్నారు. పాప నర్సింగ్ ఫీజుకని దాచిన 20 వేలు బీరువాలో ఉన్నాయి. మూడో రోజు రాత్రి అవి తెచ్చి కవర్లో పెట్టేశాను. తర్వాత ఫీజు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాను. మా ఆయనకి ఇంతవరకూ తెలియదు. ఈ రెండేళ్లలో ఒక సార్వా వానలకి పడిపోయింది. రెండోది ఎకరానికి 30 బస్తాలు అయినా 15 బస్తాలు కౌలుకే పోయాయి. ఆ ప్రసంగీకుడికి ఫోన్ చేస్తే ఆయన దగ్గర పనిచేసే మనిషి ఎత్తి, ‘విత్తనంలో లోపం ఉండదమ్మా, నేలలో ఉంటుంది. నీది రాతినేల. నీ సందేహమే పక్షిలా వచ్చి ఎత్తుకుపోయింది’ అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. వచ్చే నెల మళ్లీ సభలు. ఈసారి ఇంకా పెద్ద విత్తనం వేస్తే పోయింది కూడా వస్తుందని కొందరు అంటున్నారు. వెయ్యాలా? నాది నిజంగా రాతినేలేనా? ఇంకో మాట. వచ్చే నెల సండే స్కూలు పాఠం కూడా ఇదే ఉపమానం. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?
– ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా,

ముందు మీ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పేస్తాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీది రాతినేల కాదు. వచ్చే నెల ఆ కవర్లో ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఇప్పుడు బైబిలు తీయండి. మత్తయి 13వ అధ్యాయం. దీన్ని మనం ఎప్పుడూ ముక్కలుగా వింటాం గానీ, 3వ వచనం నుంచి 23 దాకా ఒక్క బిగిన చదవండి. ప్రభువు చెప్పిన ఉపమానాల్లో చాలావాటికి ఆయన వివరణ ఇవ్వలేదు. వినండి, వెళ్లి ఆలోచించుకోండి అన్నట్టు వదిలేశాడు. పూసగుచ్చినట్టు విడమరిచి చెప్పినవి ముఖ్యంగా రెండు: ఇదొకటి, దీని వెనకే వచ్చే గురుగుల ఉపమానం ఒకటి. కాబట్టి వేరే ఉపమానాల్లో దేని అర్థం ఏమిటని బోధకులు వాదించుకోవచ్చు గానీ, ఇక్కడ ఆ అవసరమే లేదు. లూకా 8:11లో మూడు మాటల్లో ఉంది: ‘విత్తనము దేవుని వాక్యము’. విత్తనమంటే డబ్బని ప్రభువు అనలేదు. ఆయనే అర్థం చెప్పిన చోట ఇంకో అర్థం పెట్టే అధికారం నాకూ లేదు, ఆ ప్రసంగీకుడికీ లేదు.

మీరు విన్న ప్రసంగంలో ఏం జరిగిందో చూడండి. విత్తేది మీరయ్యారు. విత్తనం మీ 20 వేలు. పొలం ఆ కవరు. ప్రభువు చెప్పిన కథలో మీరు నేల. నేల దగ్గర్నుంచి ముందుగా ఏమైనా తీసుకోవడమన్నది ఆ కథలో లేదు. విత్తేవాడే వచ్చి పోస్తున్నాడు. కొన్ని గింజలు దారి మీద పడుతున్నాయి, కొన్ని బండ మీద, కొన్ని ముళ్లలో. అయినా ఆయన చెయ్యి ఆగడం లేదు.

ఇంకో సంగతి గమనించారా? డబ్బు తీసుకున్న రోజు మీరు విత్తేవారు. పంట రాలేదని ఫోన్ చేసిన రోజు మీరే నేల అయిపోయారు. ఒకే కథలో ఒకే మనిషిని అవసరాన్ని బట్టి రెండు చోట్ల నిలబెట్టారు. మీ నిద్ర చెడగొడుతున్నది వాక్యం కాదు, ఈ మార్పిడి.

రాతినేల గురించి ప్రభువు ఏమన్నాడో కూడా చదువుదాం. గలిలయ కొండల మీద చాలా చోట్ల పైన జానెడు మట్టి, కింద సున్నపురాయి బండ. పైకి చూస్తే మామూలు చేనులాగే ఉంటుంది. మట్టి పల్చన కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, గింజ అందరికంటే ముందు మొలుస్తుంది. వేరు దిగడానికి చోటు ఉండదు, ఎండ ముదిరేసరికి మాడిపోతుంది. ఆయన చెప్పిన అర్థం ఇది: వాక్యాన్ని వెంటనే సంతోషంగా ఒప్పుకుని, ఆ వాక్యం నిమిత్తం శ్రమ గానీ హింస గానీ రాగానే వదిలేసేవారు. మీకు శ్రమ వచ్చింది. అప్పు వచ్చింది, చేను పడిపోయింది, మోసపోయానేమో అన్న దుఃఖం వచ్చింది. మీరు వదిలేశారా? వచ్చే నెల పిల్లలకి పాఠం ఎలా చెప్పాలి అని అడుగుతున్నారు. రాతినేల అడిగే ప్రశ్న కాదమ్మా ఇది.

పక్షి సంగతి కూడా. కథలో దారి మీద పడ్డ గింజల్ని పక్షులు వచ్చి మింగేస్తాయి. ‘నీ సందేహమే పక్షి’ అన్నాడు కదా ఆ మనిషి. మత్తయి 13:19లో ఎత్తుకుపోయేవాడు దుష్టుడు అని ఉంది, మార్కు 4:15లో సాతాను అని ఉంది. మీ సందేహం అని ఎక్కడా లేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ముళ్ల గురించి. ఆ ప్రసంగంలో ముళ్ల పొదల మాట ఎంతసేపు చెప్పారో మీకు గుర్తుందా? నాకు తెలిసి ఇలాంటి ప్రసంగాల్లో దాన్ని పైపైన దాటేస్తారు. ఎందుకంటే అక్కడ ప్రభువు వాడిన మాట ‘ధనమోసము’. ఐహిక విచారం, ధనమోసం కలిసి వాక్యాన్ని అణచివేస్తాయని మత్తయి 13:22. ఈ ఉపమానం మొత్తంలో డబ్బు మాట వచ్చేది ఆ ఒక్క చోటే, అదీ ముళ్ల కింద. విత్తనం కింద కాదు, పంట కింద కాదు. డబ్బు వస్తుందని ఆశ పెట్టి, డబ్బు లేదని దిగులు పెట్టి, వాక్యం ఊపిరాడకుండా చేసేదాన్ని ఆయన ముల్లు అన్నాడు. అదే ముల్లుని తీసుకొచ్చి విత్తనం అని కవర్లో పెట్టి పంచితే, అది ఉపమానాన్ని కొంచెం అటూ ఇటూ చెయ్యడం కాదు, తలకిందులు చెయ్యడం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఏ మాటైతే మిమ్మల్ని ఆ మోసం నుంచి కాపాడాలో, దాన్నే మోసానికి వాడారు.

మరి మంచి నేలలో పడ్డ గింజలు ఇచ్చిన ఈ ముప్పదంతలు, అరువదంతలు, నూరంతలు ఏమిటి అంటారా? ఈ అంకెల మీద ప్రతి కాలంలోనూ జనం తమకి ఏది గొప్పో దాన్ని ఎక్కించారు. 3వ శతాబ్దంలో విశ్వాసులను చంపుతున్న రోజుల్లో, కార్తేజి బిషప్పు సిప్రియన్ నూరంతలు హతసాక్షులవి, అరువదంతలు కన్యలవి అని రాశాడు. 4వ శతాబ్దం చివరికి ఆ హింస ఆగి, సన్యాసం గొప్పదనే రోజులు వచ్చాయి. బైబిలుని లాటిన్‌లోకి తెచ్చిన జెరోము నూరంతలు కన్యత్వానికి, అరువదంతలు వైధవ్యానికి, ముప్పదంతలు వివాహానికి అని లెక్క కట్టాడు. మన కాలానికి డబ్బు గొప్పది. 1970లో అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ అనే బోధకుడు, ఇచ్చిన కానుకని విత్తనంగా చూడాలనీ, దేవుడు దాన్ని పెంచి తిరిగిస్తాడని ఎదురుచూడాలనీ ఒక పుస్తకం రాశాడు. ఆ ఆలోచన టీవీల్లో, సభల్లో ప్రపంచమంతా తిరిగి మీ ఊరి పందిరి దాకా వచ్చింది. సిప్రియన్, జెరోము కూడా అంకెల్లో లేని అర్థం పెట్టారనే నేను అంటాను. కానీ వాళ్లు చెప్పింది విని ఎవరూ పిల్ల ఫీజు కవర్లో పెట్టలేదు.

అంకెల సంగతి మీ పొలం లెక్కలోనే చూద్దాం. ఎకరం ఊడ్చడానికి నారుమడిలో ఎంత విత్తనం పోస్తారు? 25 కిలోలు అనుకుందాం. మీకు 30 బస్తాలు అయ్యాయని రాశారు. బస్తాకి 75 కిలోల చొప్పున 2,250 కిలోలు. అంటే 90 అంతలు. నూరంతలకి కాస్త తక్కువ. ఆ ప్రసంగీకుడు చెప్పిన పంట దాదాపు మీ చేలో పండిందమ్మా! అయినా అప్పు ఎందుకు తీరలేదు? కౌలు 15 బస్తాలు పోయింది. దమ్ముకి, ఊడ్పులకి, ఎరువులకి, పురుగుమందుకి, కోత మిషనుకి మిగతాది పోయింది. అంతలు అనే లెక్క గింజకి గింజ లెక్క. రైతు జేబు లెక్క అది కాదు. ఏ కౌలురైతునడిగినా చెబుతాడు. గలిలయలో ప్రభువు మాటలు విన్నవాళ్లలో కూడా పరాయివాళ్ల చేలు చేసుకునేవాళ్లు, రోజు కూలికి వెళ్లేవాళ్లు ఉన్నారు. నూరంతలు అంటే ధనవంతులవుతామని వాళ్లు అనుకుని ఉండరు. చేత్తో చల్లిన గోధుమ అంత పండటం వాళ్లకి చాలా గొప్ప పంట. దారి పక్క పోయినదీ, బండ మీద మాడినదీ, ముళ్లలో నలిగినదీ పోగా, దక్కిన గింజలు ఇంత ఇచ్చాయి అని ఆశ్చర్యపోయి ఉంటారు. ప్రభువు చెబుతున్నది అదే: ఎంత పోయినట్టు కనిపించినా వాక్యం వృథా కాదు.

ఇది ఎప్పుడు చెప్పాడో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. వెనక 12వ అధ్యాయంలో పరిసయ్యులు ఆయన్ని ఎలా సంహరిద్దామా అని ఆలోచించుకున్నారు. దయ్యాల అధిపతి సాయంతోనే దయ్యాల్ని వెళ్లగొడుతున్నాడన్నారు. చివర్లో తల్లీ తమ్ముళ్లూ వచ్చి బయట నిలబడ్డారు. ఆ రోజే ఆయన సముద్రతీరానికి వెళ్లి దోనె ఎక్కి ఈ మాటలు చెప్పాడు. ‘ఇంత మంచి మాట చెబుతుంటే ఇంతమంది ఎందుకు తోసేస్తున్నారు?’ అని శిష్యులకి ఉండే బెంగకి ఇది జవాబు. ఉపమానం చదివేటప్పుడు నేను మొదట చూసుకునేది ఇదే. ఎవరితో అన్నాడు, ఏ సందర్భంలో అన్నాడు, వాళ్లు ఏ ప్రశ్నతో ఉన్నారు. అది వదిలేస్తే ఎంత గొప్పవాళ్లైనా దారి తప్పుతారు. మంచి సమరయుని కథలో పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు అని, తొలినాటి సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీను అంతటివాడు చెప్పాడు. కథ విన్న ధర్మశాస్త్రోపదేశకుడికి పౌలు ఎవరో కూడా తెలియదు కదా! అతను అడిగింది ‘నా పొరుగువాడెవడు?’ అని. అయితే అగస్టీను చెప్పినదానివల్ల వినేవాళ్లు క్రీస్తు దగ్గరికే వెళ్లారు. మీరు విన్నదానివల్ల వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

ఈ తప్పు నేనూ చేశాను. నలభై ఏళ్ల కిందట కొత్తగా పాస్టరుగా వెళ్లిన ఊళ్లో గుడికి స్లాబు వెయ్యాల్సి ఉంది. కోత పండుగ ఆదివారం. బల్ల ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, కొత్త బియ్యం. నేను విత్తువాని ఉపమానం తీసుకుని, ‘మంచి నేల ఎవరో ఈ రోజు కానుకల పళ్లెం చూస్తే తెలుస్తుంది’ అన్నాను. ఆ మాట నాకు చాలా బాగా కుదిరిందనిపించింది. ఆరాధన అయ్యి వేలం పాట మొదలైంది. గుమ్మం దగ్గర ఒక కూలి ముసలమ్మ కొంగు ముడి పట్టుకుని కూర్చుని ఉంది. పళ్లెం వచ్చినప్పుడు ఆవిడ ముడి విప్పలేదు. ఏమిటమ్మా అది అని దగ్గరికెళ్లి అడిగాను. పరిగె ఏరిన వడ్లు, ఒక సోలెడు ఉంటాయేమో. ‘మాది పనికిమాలిన నేల కదయ్యా. ఇయ్యి పళ్లెంలో పోత్తే అందరికీ తెలిసిపోద్ది’ అంది. తల ఎత్తకుండా అంది.

కోతలయ్యాక చేలల్లో వంగి ఒక్కో వెన్నూ ఏరుకుని, దంచుకుని తినాల్సిన గింజలు దేవుడికని తెచ్చింది. నా ప్రసంగం విని వాటిని ఇంటికి తీసుకుపోయింది. ఆ సాయంత్రం వాళ్ల గుడిసెకి వెళ్లి క్షమించమని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు, పాస్టరు తనని క్షమాపణ అడగడమేమిటని కంగారుపడి మంచం వాల్చి మంచినీళ్లిచ్చింది. మరుసటి ఆదివారం వడ్లు తెచ్చింది. నేను మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆ వచనాన్ని కానుకల ముందు చదవలేదు. ఒక మనిషి చేతిలో ఉన్న రూకలు చూసి వాళ్ల హృదయం ఏ నేలో చెప్పే పని ప్రభువు ఎవరికీ ఇవ్వలేదు.

ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. మా అమ్మ పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. మాకు తినడానికి చాలని రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది, మానేది కాదు. దానికి తిరిగి ఏమొస్తుందని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆ బియ్యంతోనే పాస్టరుగారిల్లు గడిచేది, ఊళ్లో దిక్కులేనివాళ్లకి గంజి కాచేవారు. మన సంఘాలు నిలబడింది అలాంటి పిడికిళ్ల మీదే.

వచ్చే నెల మీరు కవరు తిప్పి ఇచ్చేస్తే మీకు కొన్ని వచనాలు చూపిస్తారు. సిద్ధంగా ఉండండి. ‘సమృద్ధిగా విత్తువాడు సమృద్ధిగా పంటకోయును’ – 2 కొరింథీ 9:6. అవును, అక్కడ పౌలు డబ్బు గురించే మాట్లాడుతున్నాడు. అందుకే దాన్ని 8, 9 అధ్యాయాలు కలిపి చదవాలి. ఆ డబ్బు పౌలుకి కాదు, యెరూషలేములో ఇబ్బందుల్లో ఉన్న బీద విశ్వాసులకి. ఆ వెంటనే 7వ వచనంలో సణుగుకొనకయు, బలవంతముగా కాకయు, ఎవరి హృదయంలో వాళ్లు నిశ్చయించుకున్నట్టే ఇవ్వాలంటాడు. అంతకు ముందు 8వ అధ్యాయం 12వ వచనంలో కలిమి కొలదియే గానీ శక్తికి మించి కాదు అంటాడు. ఇతరులకి తేలిక, మీకు భారం కావాలని నేను చెప్పడం లేదు అని 13లో. మూడు రూపాయల వడ్డీ ఆ మాటకి ఎక్కడ సరిపోతుంది? ఇంకా ఒకటుంది, ఇది సంఘ పెద్దలకి కూడా చూపించండి. 8:18 నుంచి 21 దాకా పౌలు ఆ డబ్బు ఒక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు, తమ మీద ఎవడూ తప్పు మోపకుండా జాగ్రత్తపడ్డాడు. మీ ఊరి సభల్లో ఆ కవర్లు ఎవరు విప్పారు, ఎవరు లెక్క రాశారు, ఆ లెక్క ఎవరికి చెప్పారు?

ఇస్సాకు నూరంతలు కోశాడు కదా అంటారు, ఆదికాండము 26:12. ఇస్సాకు నిజంగా గింజలే విత్తాడు, చేలో. మార్కు 10:30లో ప్రభువే నూరంతలు అన్నాడంటారు. అక్కడ ఇళ్లు, అన్నదమ్ములు, తల్లులు, పిల్లలు, భూములు అని ఉంది. వాటితో పాటే ‘హింసలతో’ అని కూడా ఉంది. ఒకరికి నూరుగురు తల్లులు ఎలా వస్తారు? క్రీస్తు కోసం ఇల్లు వదిలినవాడికి సంఘమంతా ఇల్లవుతుందని ఆ మాట. మీరు జబ్బు పడితే అన్నం వండి తెచ్చే పక్కింటి అక్క ఆ నూటిలో ఒకరు.

సాక్ష్యాల సంగతి కూడా. ‘ఫలానావాళ్లు విత్తారు, ఉద్యోగం వచ్చింది, ఇల్లు కట్టారు’ అని స్టేజీ మీద చెప్పిస్తారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. కానీ రెండేళ్లు ఎదురుచూసి ఏమీ రాని మీకు ఎవరైనా మైకు ఇచ్చారా? ఇస్తే అక్కడ ఎంతమంది లేచి నిలబడేవాళ్లో.

ఇదంతా నా ఒక్కడి అభిప్రాయం అనుకోకండి. 2010లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో లోజాన్ ఉద్యమం అనే అంతర్జాతీయ సువార్త వేదిక పెట్టిన మహాసభకి ప్రపంచం నలుమూలల నుంచి సువార్త సంఘాలవాళ్లు వచ్చారు. ఆ సభ విడుదల చేసిన ప్రకటనలో, డబ్బును విత్తనంగా విత్తి ఆరోగ్యం, ఐశ్వర్యం పొందవచ్చు, అది విశ్వాసుల హక్కు అనే బోధని పేరు పెట్టి ప్రస్తావించారు. అది తప్పుదారి పట్టించేదనీ, వాక్యాన్ని వక్రీకరించేదనీ తప్పుబట్టారు. దేవుని శక్తిని మనుషులు తమ పనులతో, మాటలతో తిప్పుకోగలరనే ఆలోచనని తాము ఒప్పుకోవడం లేదన్నారు.

ఇక చెయ్యాల్సిన పనులు. అన్నిటికంటే ముందు మీ ఆయనకి చెప్పండి. ఇది నాకు ఆ 20 వేల కంటే ఎక్కువ బెంగగా ఉంది. నెలకి 600 వడ్డీ రెండేళ్లుగా ఒక్కరే మోస్తున్నారు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా. ఆయన పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక చెప్పండి. పిల్ల ముందు కాదు. ప్రసంగీకుడి మాటతో మొదలుపెట్టకండి, ‘నేను మీకు చెప్పకుండా ఒక పని చేశాను’ అని మొదలుపెట్టండి. కోప్పడతారు. పడనివ్వండి. ఆ రాత్రి మాట్లాడకపోవచ్చు. మీరు దేవుడి పేరు మీద మోసపోయారు, దొంగతనం చెయ్యలేదు. కానీ దాచడం మాత్రం మీదే, ఆ మేరకు మన్నించమని అడగండి. కావాలంటే ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి.

తర్వాత ఆ బాకీ. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే, బ్యాంకు లోను వచ్చినప్పుడు వేరే దేనికీ ముట్టుకోకుండా ముందు ఈ మూడు రూపాయల అప్పు తీర్చెయ్యండి. పాప ఫీజు వాయిదాల్లో కట్టొచ్చేమో కాలేజీలో అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉందో లేదో మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి. అడగడానికి మొహమాటపడి వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు.

మీ సంఘ పాస్టరుగారినీ, ఇద్దరు పెద్దలనీ ఇంటికి పిలిచి, జరిగినదంతా చెప్పండి. మీ పరిస్థితి ఇదీ అని ఆ ప్రసంగీకుడికి ఉత్తరం రాసి, డబ్బు తిరిగి ఇవ్వమని వాళ్ల చేత అడిగించండి. ఇస్తారని నేను మాటివ్వలేను. అడగడం మాత్రం విశ్వాసం లేకపోవడం కాదు. విధవరాండ్ర ఇండ్లు దిగమింగేవాళ్ల గురించి ప్రభువు ఎంత గట్టిగా హెచ్చరించాడో మార్కు 12:40లో ఉంది. ఆ వెంటనే వచ్చేది రెండు కాసులు వేసిన విధవరాలి కథ. మనం రెండో దాన్ని చెప్పుకున్నంతగా మొదటి దాన్ని చెప్పుకోం. వచ్చే నెల సభల్లో కవర్లు పంచకూడదని మీ పెద్దలు ముందే మాట్లాడుకోగలిగితే, ఇంకో ఇంట్లో ఇంకో ఫీజు మిగులుతుంది.

పాఠం సంగతి. ఏ మొహం పెట్టుకుని అని అడిగారు. ఈ ఉపమానంలో మీరు నేల అని ఇందాక అన్నాను కదా, ఆదివారం పొద్దున మాత్రం విత్తే పని కూడా మీ చేతిలో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా చల్లుతున్నారు. ఎన్ని గింజలు దారిన పడ్డాయో, ఏది ఎక్కడ మొలిచిందో మీకు తెలియదు. నలిగిన చేత్తో చల్లినా గింజ గింజే.

వచ్చే నెల పిల్లల చేత నాలుగు కొబ్బరి చిప్పలు తెప్పించండి. అడుగున చిన్న చిల్లు పెట్టండి. ఒకదాంట్లో దారి మీది మట్టి వేసి బాగా దిమ్మెస కొట్టండి. రెండోదాంట్లో అడుగున పెంకు ముక్క, పైన పల్చగా మట్టి. మూడోదాంట్లో మంచి మట్టే వెయ్యండి, తుంగ గడ్డలు నాలుగు పాతండి. మీ చేలో తుంగకి కొదవేం ఉండదు. నాలుగోదాంట్లో గుల్లగా చేసిన పొలం మట్టి. అన్నిటిలో నానబెట్టిన పెసలు వేయించండి. చిప్పలు గుడి అరుగు మీద ఎండ తగిలే చోట పెట్టి, వంతులవారీగా నీళ్లు చల్లించండి. మొదటి ఆదివారం కథ మాత్రం చెప్పండి, అర్థం చెప్పకండి. ప్రభువూ అలాగే చేశాడు. రెండో ఆదివారం చిప్పల చుట్టూ కూర్చోబెట్టి, ఏం కనిపిస్తోందో వాళ్లనే చెప్పమనండి. తర్వాత ఆయన ఇచ్చిన వివరణ చదివించండి. మూడో చిప్ప దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ధనమోసం అంటే ఏమిటని పిల్లలు అడిగితే, మీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఒక్కటే జాగ్రత్త. ఏ పిల్లాడినీ చూపించి ‘నువ్వు ఆ చిప్ప’ అనకండి, నవ్వులాటకి కూడా. కొన్ని రోజులకి పెంకు ముక్క ఉన్న చిప్పలో మొలకలు వాడిపోతాయి. అప్పుడు వాళ్లలో ఎవరో ఒకరు ‘టీచర్, పెంకు తీసేసి దీంట్లో ఇంకాస్త మట్టి పోద్దామా?’ అని అడుగుతారు. పొయ్యనివ్వండి.